పాత కారు: కొనేవారి కళ్ళు, అమ్మేవారి మనస్సు

మా చెన్నేకొత్తపల్లి జాతీయ రహదారి పక్కనున్న ఊరు. ఒకప్పుడు దీన్ని 7వ నంబరు రహదారి అనేవారు, ఇప్పుడు 44వ నంబరు అంటున్నారు. ఉదయం బడికి బయలుదేరి బస్సు కోసం నిలబడితే, కొత్త కార్లను రెండు అంతస్తులుగా పేర్చుకున్న పొడవాటి లారీలు కళ్ళముందే సాగిపోతుంటాయి. పెనుకొండ మండలం ఎర్రమంచి దగ్గర కియా కర్మాగారానికి 2017లో ఒప్పందం కుదిరింది, 2019 డిసెంబరులో అది లాంఛనంగా ప్రారంభమైంది. ఏడాదికి మూడు లక్షలకు పైగా కార్లు తయారుచేయగల కర్మాగారం మన గడపలో ఉన్నది. అయినా మన ప్రాంతపు ఉపాధ్యాయుడు, చిల్లర వ్యాపారి, మగ్గం నేసే కార్మికుడు కొనగలిగేది పాత కారే. ఇందులో చిన్నతనమేమీ లేదు. కాని పాత కారు కొనడంలో మనం చేస్తున్న పొరపాట్లు మాత్రం చిన్నవి కావు. వాటిని గురించి నాలుగు మాటలు చెప్పదలచాము.

కారు మాకెందుకు అవసరమైందో ముందు చెప్పాలి. మేము పనిచేసే బడి పెనుకొండ అవతల ఉన్నది. రానుపోను రోజుకు సుమారు 60 కిలోమీటర్లు. ఏళ్ళ తరబడి బస్సులోనూ, మోటారు సైకిలు మీదా తిరిగాము. 2025 ఆగస్టు 15 నుంచి మన రాష్ట్రంలో మహిళలకు బస్సు ప్రయాణం ఉచితమైంది. ఆడవారికి అది గొప్ప సౌకర్యమే, సంతోషించవలసిన విషయమే. అయితే రద్దీ పెరిగింది, మోకాళ్ళ నొప్పులున్న వయసువారికి కూర్చునే చోటు కరువైంది. ఇక రహదారి మీద మోటారు సైకిలంటే, వెనుక నుంచి లారీ హారను మోగిన ప్రతిసారీ గుండె జారుతుంది. మాతోపాటు వచ్చే ఒక ఉపాధ్యాయుడు 2023లో వానలో జారిపడి మూడు నెలలు మంచం పట్టాడు. ఆనాడే మా శ్రీమతి, "ఇంక చాలు, నేను దాచింది ఇస్తాను, నాలుగు చక్రాలది ఏదైనా చూడండి" అన్నది. ఆమె బట్టలు కుట్టి కూడబెట్టిన సొమ్ము అది. అందువల్ల మాకు ఈ కొనుగోలు ముచ్చట కాదు, అమానత్ లాంటిది. ఒక్క రూపాయి వృథా అయినా జవాబు చెప్పుకోవలసి ఉంటుంది.

గొప్ప కోసమా, ప్రయాణం కోసమా?

మొదటి పొరపాటు నియ్యత్‌లోనే మొదలవుతుంది. బడికి పోయి రావడానికి కారు కావాలనుకున్న మనిషి బజారుకు వెళ్ళేసరికి, పెళ్ళిళ్ళకు పోయి దిగితే నలుగురూ తిరిగి చూసే కారు కావాలనుకుంటాడు. పదేళ్ళ నాటి పెద్ద బండి ఈనాటి చిన్న బండి ధరకే దొరుకుతుంది కదా అని సంబరపడతాడు. కొన్న ధర మాత్రమే పాతది. దాని టైర్లు, బ్రేకులు, విడిభాగాలు, పెట్రోలు అన్నీ పెద్ద బండి ధరలోనే ఉంటాయి. మా వీధిలోనే ఒక యువకుడు అలాంటి బండిని వడ్డీకి అప్పు తెచ్చి కొన్నాడు. ఇప్పుడా బండి గుమ్మం ముందు కవరు కప్పుకుని నిలబడి ఉన్నది, ఆ యువకుడు బస్సులో తిరుగుతున్నాడు. నెల నెలా కంతు మాత్రం ఆగలేదు.

వడ్డీ విషయంలో మన ధర్మం ఏమి చెబుతున్నదో ఈ పేజీ పాఠకులకు వేరుగా చెప్పనవసరం లేదు. ధర్మం మాట అటుంచి లోకం లెక్కతో చూసినా, రోజురోజుకూ విలువ తగ్గిపోయే వస్తువు కోసం రోజురోజుకూ పెరిగే అప్పు చేయడం తెలివైన పని కాదు. కొత్త కారు మీద ఇచ్చే అప్పుకంటే పాత కారు మీద ఇచ్చే అప్పుకు వడ్డీ సాధారణంగా ఎక్కువే. ఇంకో ఏడాది ఆగి కూడబెట్టుకోవచ్చు. అన్నదమ్ముల దగ్గరో, మిత్రుల దగ్గరో కర్జె హసన్‌గా తీసుకుని మాట తప్పకుండా తీర్చవచ్చు. ఈ రెండూ కుదరకపోతే కారు ఆలోచన కొంతకాలం మానుకోవడమే మేలని మా అభిప్రాయం.

లెక్క వేసుకుందాం

రోజుకు 60 కిలోమీటర్లు, నెలకు 25 రోజులు అనుకుంటే 1,500 కిలోమీటర్లు. లీటరుకు 18 కిలోమీటర్లు ఇచ్చే చిన్న కారుకు నెలకు 83 లీటర్లు పడుతుంది. లెక్క కోసం లీటరు 110 రూపాయలు అనుకుంటే సుమారు 9,150 రూపాయలు. అదే 12 కిలోమీటర్లు ఇచ్చే పెద్ద బండికి 125 లీటర్లు, అంటే 13,750 రూపాయలు. తేడా నెలకు 4,600. బడి నడిచే పది నెలలకు 46 వేలు! ఒకసారి చెల్లించే ధర చూసి మురిసేవారు నెలనెలా చెల్లించే ఈ ధరను చూడరు. మేము ముగ్గురు ఉపాధ్యాయులం పెట్రోలు ఖర్చు పంచుకున్నాము, మనిషికి మూడు వేలు చిల్లర పడింది.

డీజిలు చౌక గదా అంటారు. నిజమే, రోజుకు నూరు, నూటయాభై కిలోమీటర్లు తిరిగేవారికి అది లాభమే. కాని పాత డీజిలు బండిలో ఇంజెక్టర్లో, టర్బోనో మరమ్మతుకు వస్తే ఏడాది పొడుగునా మిగిలింది ఒక్క బిల్లులో పోతుంది. పైగా 2020 ఏప్రిల్‌లో బి.ఎస్.6 ప్రమాణాలు వచ్చినప్పుడు మారుతి డీజిలు కార్లు తయారుచేయడమే మానేసింది. 60 కిలోమీటర్ల ప్రయాణానికి చిన్న పెట్రోలు బండి చాలు.

రెండో సూత్రం: ఉన్న సొమ్మంతా బండికే పెట్టకూడదు. చేతిలో నాలుగు లక్షలుంటే మూడున్నర లక్షల బండినే చూడాలి. మిగిలిన యాభై వేలూ బండి ఇంటికి వచ్చిన మొదటి మూడు నెలల్లో పనికి వస్తాయి. నాలుగు టైర్లు, బ్యాటరీ, క్లచ్చు, ఆయిళ్ళు, బీమా, పేరు మార్పిడి – వీటిలో సగం తప్పకుండా ఎదురవుతాయి. ఉర్దూలో ఒక సామెత ఉన్నది: మహంగా రోయే ఏక్ బార్, సస్తా రోయే బార్ బార్. ఖరీదైనది కొన్నవాడు ఒకసారి ఏడుస్తాడు, చౌకది కొన్నవాడు మాటిమాటికీ ఏడుస్తాడు అని. ఖరీదైనది కూడా అప్పు మీద కొంటే ప్రతినెలా ఏడవవలసిందే అని మేము దానికి చేర్చుతాము.

ఏ బండి?

ఫలానా కంపెనీయే మంచిదని చెప్పడానికి మేము వ్యాపారులం కాము. ఒక్క ప్రశ్న వేసుకోండి: బండి చెడితే ధర్మవరంలోనో, హిందూపురంలోనో, అనంతపురంలోనో ఆ రోజే భాగం దొరుకుతుందా? మన ఊరి మెకానిక్ దాన్ని ఇంతకు ముందు విప్పి ఉన్నాడా? దేశమంతటా లక్షల్లో అమ్ముడుపోయిన ఆల్టో, వ్యాగన్ ఆర్, స్విఫ్ట్, ఐ10 వంటివాటికి ఈ బెంగ లేదు. షెవర్లే కార్ల అమ్మకం మన దేశంలో 2017తో ఆగిపోయింది. ఫోర్డు ఇక్కడ తయారీ మానుకుంటున్నట్టు 2021 సెప్టెంబరులో ప్రకటించింది. అవి చెడ్డ బండ్లు కావు, చాలా గట్టివి కూడా. ధర తక్కువగా ఉండటానికి కారణం ఏమిటో తెలుసుకుని, విడిభాగాల సంగతి విచారించుకుని కొనాలి, అంతే.

భద్రత రెండో ప్రశ్న. 2019 ఏప్రిల్ నుంచి కొత్త కార్లలో చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఎ.బి.ఎస్. బ్రేకులు, అదే ఏడాది జులై నుంచి డ్రైవరుకు ఎయిర్‌బ్యాగు తప్పనిసరి అయ్యాయి. 2022 నుంచి పక్క సీటుకూ ఎయిర్‌బ్యాగు ఉండవలసిందే. అంతకు ముందరి కార్లలో, ముఖ్యంగా తక్కువ రకాల్లో, ఇవి ఉండకపోవచ్చు. రహదారి మీద రోజూ తిరగవలసినవారు పదివేలు తగ్గుతుందని 2018 నాటి బండి తీసుకోవడం కంటే 2019 రెండో సగంలోనో, ఆ తరువాతో తయారైనది వెతకడం మంచిది. పెట్రోలులో 20 శాతం ఇథనాలు కలుపుతున్న సంగతి తెలిసిందే. దానికి పూర్తిగా అనువైన భాగాలతో కార్లు తయారవుతున్నది 2023 ఏప్రిల్ నుంచి. అంతకన్నా పాత బండి కొంటే పెట్రోలు గొట్టాలు, రబ్బరు సీళ్ళు మెకానిక్‌తో అప్పుడప్పుడు చూపించుకుంటూ ఉండాలి.

ఇక సుఖం. సుఖమంటే మెత్తని సీటు, పెద్ద తెర, పాటలు అనుకుంటారు చాలామంది. రోజూ ప్రయాణించేవారికి సుఖం వేరు. ఎక్కి దిగేటప్పుడు నడుము వంగకూడదు. క్లచ్చు తేలికగా ఉండాలి. మన ప్రాంతపు మే నెల మధ్యాహ్నం రెండు గంటలకు ఏ.సి. చల్లగాలి ఇవ్వాలి. అందుకే బండిని సాయంత్రం చల్లపూట కాదు, ఎండలో చూడాలి. ఐదు నిమిషాలు కాదు, అరగంటైనా నడపాలి. ఇంట్లో మోకాళ్ళ నొప్పులున్న పెద్దవారుంటే వారిని ఒకసారి ఎక్కించి దింపి చూడాలి. మా శ్రీమతి మూడు బండ్లను ఎక్కి దిగి, "ఇందులో కుర్చీలో కూర్చున్నట్టే ఉంది" అని ఎత్తు సీటున్న దాన్ని ఎంచింది. పత్రికలు చదివి మేము చేసుకున్న నిర్ణయాలన్నీ ఆ ఒక్క మాట ముందు వీగిపోయాయి.

బెంగుళూరులో ఏమి జరిగింది?

మన ప్రాంతంవారు పాత కారంటే మొదట బెంగుళూరు వైపే చూస్తారు. మేమూ వెళ్ళాము. ఒక దళారి మంచి రంగులో మెరుస్తున్న బండిని చూపించి, "హజ్రత్, గాడీ బిల్కుల్ ఆయినా హై" అన్నాడు, అద్దంలాంటి బండి అని. ధర మేము అనుకున్నదానికంటే నలభై వేలు తక్కువ. బయానా ఇవ్వడానికి జేబులో చేయి పెట్టాము కూడా. మా వెంట వచ్చిన మెకానిక్ కుర్రవాడు ఒక్క మాట మాట్లాడకుండా ముందు సీటు బెల్టును చివరిదాకా బయటికి లాగాడు. చివరి జానెడు భాగం మీద ఎండిన బురద గీత ఉన్నది. డిక్కీలో స్టెప్నీ ఎత్తి చూస్తే అడుగున తుప్పు. 2022 సెప్టెంబరు వానల్లో బెంగుళూరులో ఎన్ని కార్లు నీళ్ళలో తేలాయో అందరూ చూశారు. వాటిలో ఎన్నో శుభ్రం చేయించుకుని మళ్ళీ బజారుకు వచ్చాయి. నీళ్ళలో మునిగిన బండికి వైర్లు, కంప్యూటరు పెట్టె ఎప్పుడు మొరాయిస్తాయో ఎవరూ చెప్పలేరు.

దళారిని అడిగితే అతడు కొంచెం కూడా తడబడలేదు. "చూసుకునే కొనండి సార్, మేమేమన్నా కళ్ళు మూయించామా?" అన్నాడు.

ఆ మాట మాకు సూటిగా తగిలింది. ఎందుకంటే, సరిగ్గా అదే మాట 2014లో మేము ఒకరితో అన్నాము. మా పాత స్కూటరును ధర్మవరంలో మగ్గం నేసుకునే ఒకతనికి అమ్మాము. అది ఆయిలు తాగుతున్నదని, నీలం పొగ వస్తున్నదని మాకు తెలుసు. అమ్మే ముందు చిక్కటి ఆయిలు పోయిస్తే పొగ కొన్నాళ్ళు కనిపించదని ఒకరు చెబితే అలాగే చేయించాము. రెండు నెలలకు ఇంజను పట్టేసింది. అతను బస్సెక్కి మా ఇంటికి వచ్చాడు. "చూసుకునే కదా తీసుకున్నావు" అన్నాము. అతను మారు మాట్లాడక వెళ్ళిపోయాడు. బడిలో పిల్లలకు నిజాయితీ పాఠం చెప్పే నోటితోనే ఆ మాట అన్నాము. దళారి చూపిన అద్దంలాంటి బండిలో మాకు మా ముఖమే కనిపించింది.

దైవప్రవక్త (సఅసం) ఒక ధాన్యపు రాశిలో చేయి పెట్టి, లోపల తడి తగలగా, తడిసిన గింజలను జనానికి కనిపించేలా పైన ఎందుకు ఉంచలేదని వర్తకుణ్ణి నిలదీసిన సంఘటన మదరసాలో మేము కంఠస్థం చేసినదే. అమ్మిన వస్తువులో దాచిన ఐబ్ బయటపడితే తిరిగి ఇచ్చివేసే హక్కు కొన్నవానికి ఉంటుందని, దాన్ని ఖియారె ఐబ్ అంటారని కూడా చదివాము. చదువు నాలుక మీద ఉండిపోయి, చేతుల దాకా రాలేదు. బెంగుళూరు నుంచి వచ్చిన వారానికి ధర్మవరం వెళ్ళి అతన్ని వెతికి, ఆనాటి ఇంజను మరమ్మతుకు ఎంతైందో అడిగి ఇచ్చాము. మొదట తీసుకోలేదు. "అప్పుడే మరిచిపోయినా సార్" అన్నాడు. అతను మరిచినా మా లెక్కలో అది మిగిలే ఉన్నదని చెప్పి ఒప్పించాము.

చూడవలసినవి

కాబట్టి అమ్మేవారి మనస్సు మారేదాకా కొనేవారు కళ్ళు తెరిచే ఉండాలి. నమ్మకమైన మెకానిక్‌కు ఐదువందలో వెయ్యో ఇచ్చి వెంట తీసుకుపోవడం ఖర్చు కాదు. ఇంజను పూర్తిగా చల్లబడి ఉన్నప్పుడే స్టార్టు చేయించాలి. ముందే వేడి చేసి ఉంచితే అనుమానించాలి. నీలం పొగ వస్తే ఆయిలు మండుతున్నట్టు, తెల్లపొగ ఆగకుండా వస్తే కూలెంటు లోపలికి పోతున్నట్టు. మీటరులో ముప్ఫై వేల కిలోమీటర్లు చూపిస్తూ, బ్రేకు పెడలు రబ్బరు అరిగి నున్నగా ఉంటే మీటరును నమ్మకండి. టైరు మీద నాలుగు అంకెలుంటాయి: 3519 అంటే 2019లో 35వ వారం తయారైనదని. తలుపుల రబ్బరు కొద్దిగా తీసి, అంచు అతుకులు నాలుగు తలుపులకూ ఒకే తీరుగా ఉన్నాయో లేదో చూడాలి. ఒకదానికి వేరుగా ఉంటే అక్కడ దెబ్బ తగిలిందన్నమాట. సర్వీసు చేయించిన కాగితాలున్న బండికి పదివేలు ఎక్కువ ఇచ్చినా నష్టం లేదు.

కాగితాల సంగతి ఇంకా ముఖ్యం. ఎం పరివాహన్‌లో నంబరు కొడితే బండి ఎన్నో చేతిలో ఉన్నదో, బీమా ఎప్పటిదాకా ఉన్నదో, అప్పు మిగిలి ఉన్నదో కనిపిస్తుంది. అప్పు తీరి ఉంటే బ్యాంకు ఇచ్చిన ఎన్.ఓ.సి., ఫారం 35 అడిగి తీసుకోవాలి. పేరు మార్పిడికి 29, 30 ఫారాలు. చట్టం ప్రకారం మన రాష్ట్రపు బండి అయితే అమ్మినవారు 14 రోజుల్లో, కొన్నవారు 30 రోజుల్లో రవాణా కార్యాలయానికి తెలియజేయాలి. కర్ణాటక బండి అయితే అక్కడి నుంచి నిరభ్యంతర పత్రం తెచ్చి, ఇక్కడ జీవితకాలపు పన్ను మళ్ళీ కట్టాలి. ఆ పన్ను ఎంతో ముందే విచారించుకోకపోతే బెంగుళూరులో మిగిలిందనుకున్న సొమ్ము ఇక్కడ కట్టవలసి వస్తుంది. పదిహేనేళ్ళు నిండిన కారుకు మళ్ళీ రిజిస్ట్రేషన్ చేయించే రుసుము 2022 ఏప్రిల్ నుంచి 600 రూపాయల నుంచి 5,000 అయింది. ఇరవై ఏళ్ళు దాటినవాటికి 2025లో 10,000 చేశారు. అందుకని పదమూడు, పద్నాలుగేళ్ళ బండి చౌకగా వస్తే ఆ చౌక ఎందుకో గ్రహించాలి.

అమ్మేవారికి కూడా ఒక హెచ్చరిక. "కాగితాలు నిదానంగా మార్చుకుందువులే" అని బండి తాళం ఇచ్చివేయకండి. రిజిస్టరులో ఎవరి పేరుంటే ప్రమాదపు బాధ్యతకు వారే యజమాని అని సుప్రీంకోర్టు 2018లో స్పష్టం చేసింది. బండి చేతులు మారి ఏళ్ళైనా, ఎక్కడో జరిగిన ప్రమాదానికి నోటీసు పాత యజమాని ఇంటికే వస్తుంది.

బేరం విషయానికొస్తే, 2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న కార్లపై జి.ఎస్.టి. 28 నుంచి 18 శాతానికి తగ్గింది. కొత్తవాటి ధర తగ్గినప్పుడు పాతవాటి ధర కూడా దిగిరావలసిందే. ఈ మాట మర్యాదగా గుర్తుచేయండి. అయితే బేరానికీ హద్దు ఉన్నది. అవసరంలో ఉండి అమ్ముకుంటున్నవాని మెడ మీద మోకాలు పెట్టడం కూడా మోసానికి తోబుట్టువే.

చివరికి మేము కొన్నది 2019 నాటి వ్యాగన్ ఆర్. బెంగుళూరులో కాదు, అనంతపురంలో, ఉద్యోగ విరమణ చేసిన ఒక పెద్దమనిషి దగ్గర. మేము అడగకముందే ఆయన, "ఎడమ వెనుక తలుపు ఒకసారి గుద్దుకుని మార్పించినాను, ఏ.సి. గ్యాసు తగ్గింది, వచ్చే వేసవికి పట్టించుకోవాల్సి ఉంటుంది" అని రెండు లోపాలూ తానే చెప్పాడు. ఆ మాటలతో మాకు ధర మీద బేరమాడాలన్న కోరిక సగం చచ్చిపోయింది. లోపం చెప్పినందువల్ల ఆయనకు నష్టమేమైనా వచ్చిందా? రాలేదు. మేము ఇప్పటికి ఇద్దరు కొనేవారిని ఆయన పరిచయస్థుల దగ్గరికి పంపాము.

బండి బాగానే నడుస్తున్నది. ఎర్రమంచి దాటేటప్పుడు కొత్త కార్ల లారీలు పక్క నుంచి పోతుంటే మాతో వచ్చే కుర్ర ఉపాధ్యాయుడు వాటిని చూసి నిట్టూరుస్తాడు. అతనికి మేము చెప్పేది ఒక్కటే. అవి కూడా నాలుగేళ్ళకు పాతవే అవుతాయి. వాటిని అమ్మేవారు, వాటి ఐబ్‌ను కొనేవాని ఎదుట పెట్టి అమ్మితే, మన పిల్లలైనా దళారుల బజారులో సీటు బెల్టులు లాగి చూడవలసిన అవసరం లేకుండా బండి కొనుక్కుంటారు. ఈ వారం మీరు అమ్మబోయేది కారైనా, స్కూటరైనా, కుట్టుమిషనైనా, కొనేవాడు అడగకముందే దాని లోపం ఒకటి చెప్పి చూడండి.